తలకు నూనె, వెంట్రుకలో నూనె

(విజయవాడ సత్యనారాయణపురంలో కాలనీ మహిళల సమావేశంలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. మధ్యమధ్యలో శ్రోతలు అడిగినవి కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అమ్మా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే మైకు గురగుర తగ్గుతుంది. వద్దా? సరే, మే నెలలో బెజవాడలో ఫ్యాను తగ్గించమనడం నాదే అత్యాశ.

కమిటీవాళ్ళు నాకిచ్చిన విషయం ‘జుట్టు పెరగడానికి ఏ నూనె మంచిది?’ అని. దాన్ని కొంచెం మార్చి మాట్లాడతాను. బయటికి కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. రక్తం పారదు, నరం ఉండదు, కత్తిరిస్తే నొప్పి తెలియదు. ప్రాణమంతా చర్మం లోపల కుదురులో ఉంది. ప్రాణం లేనిదానికి తిండి పెట్టలేం కదా! నూనె సీసా మీద ‘పోషణ’ అని రాసి ఉంటే అది అమ్ముకునేవాళ్ళ మాట. అయితే వెంట్రుక కుదురులో తయారయ్యేటప్పుడే దానికి కొంత నూనె సమకూరుతుంది. కొవ్వులు, మైనాలు, కొలెస్ట్రాల్, సెరమైడ్లు, వీటన్నిటినీ కలిపి మేం లిపిడ్లు అంటాం. వెంట్రుక బరువులో ఇవి ఉండేది 1 నుంచి 9 శాతం లోపే. మిగతాది చాలావరకు కెరాటిన్ అనే ప్రొటీన్. ఆ కాస్త నూనె పోతే ప్రొటీన్ ఎంత ఉన్నా జుట్టు గడ్డిలా ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే. మనం పైన రాసే నూనెల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ముందు ఒక పని చేయండి. ఒక వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మొదలు నుంచి కొన దాకా లాగండి. నున్నగా జారుతుంది. ఇప్పుడు కొన నుంచి మొదలుకు లాగండి. గరగరమంటోందా? పిన్నిగారూ, మీకూ తెలిసింది కదూ. వెంట్రుక పైభాగంలో పొలుసులున్నాయి. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి వాలినట్టు, ఆరు నుంచి పది వరసల్లో, అన్నీ కొన వైపుకే వాలి ఉంటాయి. ఈ పైపొర పేరు క్యూటికల్. లోపల బలాన్నిచ్చే భాగం కార్టెక్స్. దువ్వెన, ఎండ, నీళ్ళు, హెల్మెట్ రాపిడి, వీటన్నిటినీ ముందు భరించేది ఈ పెంకులే.

ప్రతి పెంకు పైముఖం మీద చాలా పలచని కొవ్వు పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. పేరు పొడుగు: 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం. గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పరీక్షలో రాదు. (నవ్వులు) పొట్టిగా 18-ఎంఈఏ అంటారు. ఇరవై ఒక్క కార్బన్లు ఉన్న కొవ్వు ఆమ్లం, కొస దగ్గర ఒక చిన్న కొమ్మ ఉంటుంది. పొర మందం సుమారు ఒక నానోమీటరు. అంటే మామూలు వెంట్రుక మందాన్ని డెబ్భై వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం! ఇది పైన పూసిన నూనెలాంటిది కాదు. గంధకం ద్వారా ప్రొటీన్‌తో రసాయన బంధం వేసుకుని కూర్చుంటుంది. అందుకే షాంపూకి గానీ కుంకుడు రసానికి గానీ లొంగదు.

ఈ ఆమ్లాన్ని మొదట పట్టుకున్నది మనిషి జుట్టులో కాదు. గొర్రె ఉన్ని నుంచి తీసే మైనంలో ఇలాంటి కొమ్మలున్న ఆమ్లాలను 1945లో వైట్‌క్యాంప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. జుట్టు గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఇలా ఉన్ని బట్టల పరిశ్రమ కోసం జరిగిన పరిశోధనల వల్ల వచ్చిందే. ఉన్ని చొక్కా ఉతికితే ఎందుకు ముడుచుకుపోతోందని వాళ్ళు తలలు పట్టుకుంటే, మన తలల రహస్యం బయటపడింది.

ఆ పొర చేసే పని ఏమిటంటే, నీటిని లోపలికి రానివ్వదు, రాపిడి తగ్గిస్తుంది. రంగులూ రసాయనాలూ తగలని జుట్టు మీద నీటిబొట్టు వేస్తే ముత్యంలా నిలబడుతుంది. బ్లీచింగ్ చేసిన జుట్టు మీద అదే బొట్టు పరుచుకుని ఇంకిపోతుంది. వెంట్రుక తడిస్తే దాని బరువులో సుమారు 30 శాతం దాకా నీరు పీల్చుకుంటుంది. మందం కూడా 15 శాతం వరకు పెరుగుతుంది. ఆరితే మళ్ళీ తగ్గుతుంది. ఇలా ఉబ్బడం, తగ్గడం ఏళ్ళ తరబడి జరిగితే పెంకుల అంచులు లేచిపోతాయి, లోపలి ప్రొటీన్ కొంచెం కొంచెంగా నీళ్ళలో కొట్టుకుపోతుంది. తడి జుట్టు దువ్వొద్దని మన అమ్మమ్మలు కేకలేసేవాళ్ళంటే అది ఊరికే కాదు. నీళ్ళతో ఉబ్బినప్పుడు వెంట్రుక బలం తగ్గి తేలిగ్గా సాగుతుంది, తెగుతుంది.

మన శరీరం ఈ ఆమ్లాన్ని ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది. మేపుల్ సిరప్ మూత్రవ్యాధి అని పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బు ఉంది. ఆ పిల్లల శరీరం ఐసోల్యూసిన్‌ను సరిగ్గా వాడుకోలేదు. వాళ్ళ వెంట్రుకల్ని పరీక్షించినప్పుడు ఈ కొమ్మ ఉన్న ఆమ్లం బదులు కొమ్మ లేని మామూలు ఆమ్లం ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెంకుల నిర్మాణంలోనే లోపం కనిపించింది. కార్బన్ గొలుసులో ఒక చిన్న కొమ్మ తేడా అంతే! నేను రసాయనశాస్త్రం పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలు ‘ఈ గొలుసులూ కొమ్మలూ మనకెందుకు మేడమ్?’ అని అడిగేవాళ్ళు. అప్పుడు ఈ ఉదాహరణ నాకు తెలిసుంటే బాగుండేది.

షాంపూకి లొంగని ఈ పొర దేనికి లొంగుతుందంటే, హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు, అమ్మోనియా లాంటి క్షారాలకు. బ్లీచింగ్, చాలా రకాల పర్మనెంట్ హెయిర్ డైలు, పర్మింగ్, క్షారంతో చేసే స్ట్రెయిటెనింగ్, ఇవన్నీ ఆ గంధకపు బంధాన్ని తెంపుతాయి. బ్లీచింగ్ అయితే ఒక్కసారికే చాలా భాగం పోతుంది. పోయింది తిరిగి రాదు. చర్మం గీరుకుంటే మానుతుంది, వెంట్రుక మానదు, ప్రాణం లేదని చెప్పాను కదా. కొత్తగా కుదురులోంచి వచ్చే వెంట్రుకే మళ్ళీ ఆ పొరతో వస్తుంది.

అయితే కండిషనర్ ఎందుకు పనిచేస్తోందని మీరు అడగొచ్చు. ఆ కొవ్వు పోయిన చోట వెంట్రుక ఉపరితలం రుణావేశంతో మిగులుతుంది. కండిషనర్‌లో ధనావేశం ఉన్న పదార్థాలు, పొడుగు గొలుసు కొవ్వు ఆల్కహాళ్ళు ఉంటాయి. అవి దెబ్బతిన్న చోటే ఎక్కువగా పట్టుకుంటాయి. తెలివైన ఏర్పాటే. కాకపోతే తాత్కాలికం, తర్వాతి తలస్నానం దాకా. ‘రిపేర్’ అన్న మాట కంటే ‘పూత’ అన్న మాట నిజానికి దగ్గర.

ఇక్కడ మన వీధుల్లో వినే ఒక కేక గుర్తుచేస్తాను. ‘చిక్కు వెంట్రుకలు కొంటాం’ అంటూ స్టీలు గిన్నెలు పట్టుకుని వస్తారు చూడండి. దువ్వినప్పుడు ఊడిన జుట్టు ఉండలు చుట్టి దాచుకుని ఇచ్చి గిన్నె తీసుకుంటాం. ఆ చిక్కు జుట్టుకు ధర తక్కువ. తిరుమలలో భక్తులిచ్చే తలనీలాలకు మాత్రం ఈ-వేలంలో మంచి ధర పలుకుతుంది. కారణం ఈ పెంకులే. తల మీద నుంచి ఒకేసారి తీసిన జుట్టులో మొదళ్ళన్నీ ఒక వైపు, కొనలన్నీ ఒక వైపు ఉంటాయి, పెంకులన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. పైగా అందులో పల్లెటూళ్ళ ఆడవాళ్ళ జుట్టు చాలా ఉంటుంది, రంగు వేయనిది, అసలు పొర చెడనిది. చిక్కు జుట్టులో మొదళ్ళూ కొనలూ కలిసిపోయి, ఒకదాని పెంకు ఇంకోదాని పెంకుకు తగులుకుంటుంది. దాన్ని విగ్గు చేయాలంటే ఆమ్లంలో ముంచి పెంకులే తీసేసి పైన సిలికాన్ పూస్తారు. కొన్నప్పుడు పట్టులా మెరుస్తుంది. కొన్ని స్నానాల తర్వాత పూత పోయి పీచు మిగులుతుంది. సవరం కొనేవాళ్ళు ఇది తెలుసుకుని కొనండి.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన 60 సెంటీమీటర్ల జడ కొనకు అయిదేళ్ళ వయసు. అయిదు వేసవుల ఎండ, అయిదేళ్ళ తలస్నానాలు, అన్నీ చూసింది. మొదళ్ళ దగ్గర జుట్టు మెత్తగా ఉండి కొనలు చిట్లుతున్నాయంటే మీ ఒంట్లో లోపం ఏదో ఉందని టెన్షన్ పడకండి. కొన వయసు అది. అందుకే కొనలు అప్పుడప్పుడు కత్తిరించుకోవడం మంచిదే. దానివల్ల జుట్టు త్వరగా పెరుగుతుందన్నది మాత్రం నమ్మకం, అంతే. కుదురుకు కత్తెర సంగతి తెలియదు.

ఇక లోపలి నూనె. పెంకుకూ పెంకుకూ మధ్య, లోపలి కణాల మధ్య, సున్నం పెట్టినట్టు కొవ్వు పొరలుంటాయి. సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. కొలెస్ట్రాల్ అనగానే అందరూ గుండె మీద చేయి వేసుకుంటారు. కానీ చర్మానికీ జుట్టుకూ అది కావాలి. 1960లో అమెరికాలో ట్రైపారనాల్ అనే మందు వచ్చింది, కొలెస్ట్రాల్ తగ్గించడానికి. శరీరంలో కొలెస్ట్రాల్ తయారీని చివరి మెట్టు దగ్గర ఆపేది. వాడినవాళ్ళలో కొందరికి జుట్టు ఊడింది, చర్మం పొలుసులు కట్టింది, కళ్ళల్లో శుక్లాలు వచ్చాయి. 1962లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఇది విని రేపు ఎవరూ డాక్టరిచ్చిన స్టాటిన్ మానేయకండి బాబూ! అవి వేరే మెట్టు దగ్గర పనిచేసే వేరే మందులు. ఇంటికెళ్ళి ‘మేడమ్ చెప్పారు’ అంటే మీవారు నా మీదికొస్తారు.

ఈ లోపలి కొవ్వు ఒక్కసారిగా పోదు. రోజూ గట్టి షాంపూ పెట్టి రుద్దితే కొంచెం, ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల కొంచెం, స్ట్రెయిటెనర్ వేడికి కొంచెం. ఆ పలకల వేడి 200 డిగ్రీల దాకా ఉంటుంది. తడి జుట్టు మీద పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. అక్కడ పుటుక్కున తెగుతుంది. వేడి వాడాలనుకుంటే జుట్టు పూర్తిగా ఆరాకే. బండి మీద తిరిగే మన అమ్మాయిలు తలకీ మొహానికీ చున్నీ చుట్టుకుంటే మొహం నల్లబడకూడదని అనుకుంటాం. జుట్టుకు కూడా అది మంచి రక్షణ.

మూడో నూనె మీ అందరికీ తెలిసిందే, తలలో జిడ్డు. సెబమ్ అంటారు. ప్రతి కుదురు పక్కన ఒక గ్రంథి ఉండి దీన్ని వదులుతుంది. ట్రైగ్లిసరైడ్లు, కొవ్వు ఆమ్లాలు, మైనాలు, స్క్వాలీన్, ఇవీ అందులో ఉండేవి. సేపియెనిక్ ఆమ్లం అని ఒకటుంది, మనుషుల సెబమ్‌లో ప్రత్యేకంగా కనిపిస్తుంది కాబట్టి మన జాతి పేరే (హోమో సేపియెన్స్) పెట్టారు. జిడ్డును మనం శత్రువులా చూస్తాం గానీ అది లేకపోతే ఏమవుతుందో ఎలుకల్లో చూశారు. 1965లో వర్ణించిన అసేబియా అనే రకం ఎలుకలకు ఈ గ్రంథులు సరిగ్గా ఎదగవు. వాటి వెంట్రుక తొడుగు నుంచి విడిపడి బయటికి రాలేదు, కుదురు లోపలికే పెరిగి, చివరికి కుదురే పాడై మచ్చ పడుతుంది. అంటే జిడ్డు పని మెరుపు ఇవ్వడంతో అయిపోదు, వెంట్రుక పుట్టి బయటపడే దారికే అది కావాలి.

చిన్నపిల్లల్లో సెబమ్ చాలా తక్కువ. యుక్తవయసులో ఒక్కసారి పెరుగుతుంది. ఆడవాళ్ళకు నెలసరి ఆగాక మళ్ళీ తగ్గుతుంది. అందుకే మన వయసువాళ్ళకు, ఇదే తల, ఇదే షాంపూ, అయినా జుట్టు ఎండినట్టుంటుంది. చిన్నపిల్లలకు తలనిండా నూనె పెట్టి రెండు జడలు వేసే అలవాటు ఆ లెక్కలో సబబే.

— మేడమ్, మా అబ్బాయికి చుండ్రు. నూనె పెడితే తగ్గుతుందని మా అత్తగారు రోజూ పెడుతున్నారు.

అత్తగారు ఇక్కడే ఉన్నారా? లేరుగా! అయితే చెప్తాను. మలసీజియా అనే ఈస్ట్ అందరి తలల మీదా ఉంటుంది. అది తన కొవ్వు ఆమ్లాలను తాను తయారుచేసుకోలేదు, మన సెబమ్ మీద బతుకుతుంది. సెబమ్‌లోని కొవ్వును విడగొట్టి ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. అవి కొందరి చర్మానికి పడవు, అక్కడ చర్మం త్వరత్వరగా పొలుసులు రాలుస్తుంది. కొబ్బరినూనెతో సహా మనం రాసే నూనెలు ఆ ఈస్ట్‌కు తిండే. నూనె పెట్టగానే పొలుసులు అణిగి కనిపించవు కాబట్టి తగ్గిందనుకుంటాం. మీ అబ్బాయికి కీటోకొనజోల్ గానీ జింక్ పైరిథియోన్ గానీ ఉన్న షాంపూ, పెట్టిన వెంటనే కడిగేయకుండా నాలుగైదు నిమిషాలు ఉంచి కడగమనండి. నూనె కావాలంటే చర్మానికి తగలకుండా జుట్టు పొడవుకు రాసుకోవచ్చు. తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించండి.

నూనెల సంగతికి వచ్చాం కాబట్టి అదే చెప్తాను. కొబ్బరినూనెలో సగం దాకా లారిక్ ఆమ్లం. చిన్న, తిన్నని గొలుసు. ప్రొటీన్‌తో దానికి పొత్తు కుదురుతుంది, వెంట్రుక లోపలికి దూరగలదు. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్, మూడింటినీ పోల్చి రేలే, మొహిలే అనే ఇద్దరు 2003లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తలస్నానానికి ముందు కొబ్బరినూనె పెడితే ప్రొటీన్ నష్టం బాగా తగ్గింది, మిగతా రెండింటితో తగ్గలేదు. వాళ్ళు మారికో కంపెనీ శాస్త్రజ్ఞులు, అంటే కొబ్బరినూనె అమ్మే కంపెనీ. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా కొబ్బరినూనె లోపలికి వెళ్తుందని, మినరల్ ఆయిల్ పైనే ఉండిపోతుందని 2001లో వేరే పద్ధతిలో, మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసిన పని కూడా చూపించింది. రసాయనశాస్త్రం ప్రకారం కూడా అది సరిగ్గానే ఉంది కాబట్టి నేను నమ్ముతాను.

ఇందులో కీలకం ‘తలస్నానానికి ముందు’ అన్నమాట. లోపలికి దిగిన నూనె నీటికి చోటివ్వదు, ఉబ్బు తగ్గుతుంది. అంటే తలంటుకు ముందు నూనె పెట్టే మన పద్ధతే సరైనది. స్నానం చేశాక నూనె కారేలా పెట్టుకుని దుమ్ములో తిరగడం వేరే కథ. అలాగే నూనె ఎక్కువ పెడితే దాన్ని వదిలించడానికి షాంపూ రెండుసార్లు పెట్టాలి, ఉన్న నూనె కూడా అందులో పోతుంది. అరచేతికి పట్టేంత చాలు, జడ కొనలకు ఎక్కువ, మాడుకు తక్కువ.

నువ్వుల నూనెలో ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలు ఎక్కువ. పైన ఉండి రాపిడి తగ్గిస్తుంది. మంచిదే. ఆముదంతో జుట్టు మొలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. దాని చిక్కదనం వల్ల జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది. పొడుగు జుట్టుకు ఆముదం పట్టించి కడిగితే మొత్తం ఉండలా బిగుసుకుపోయి, కత్తిరించక తప్పని సందర్భం ఒకటి మన దేశపు వైద్య పత్రికలోనే 2017లో వచ్చింది. అరుదు, కానీ తెలుసుకుంటే నష్టం లేదు.

— మా అమ్మాయి ఇంటర్ హాస్టల్లో ఉంది. అక్కడి బోరు నీళ్ళకు జుట్టంతా ఊడిపోతోందంటోంది మేడమ్.

ఈ ప్రశ్న బెజవాడ, గుంటూరుల్లో ప్రతి సభలోనూ వస్తుంది. ఉప్పు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బుతో తల రుద్దితే సబ్బూ కాల్షియం కలిసి తెల్లటి మడ్డి జుట్టుకు పడుతుంది. పైగా సబ్బు క్షారం. అందుకని తలకు ఒంటి సబ్బు వద్దు, షాంపూ గానీ కుంకుడుకాయ గానీ వాడమనండి. ఇంతవరకూ నీళ్ళ తప్పే. కానీ నీళ్ళ వల్ల జుట్టు గరుకవుతుంది, మధ్యలో తెగుతుంది. కుదురుతో సహా ఊడటం వేరు. ఊడిన వెంట్రుక చివర చిన్న తెల్లటి బొడిపె ఉందేమో చూడమనండి. ఉంటే కారణం రెండు మూడు నెలల కిందట జరిగినదాంట్లో వెతకాలి. జ్వరం వచ్చిందా, మెస్ తిండి నచ్చక మానేసిందా, లావవుతున్నానని నూనె వస్తువులు ముట్టడం లేదా, రక్తం తక్కువగా ఉందా. లినోలియిక్ లాంటి కొవ్వు ఆమ్లాలను శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అవి బొత్తిగా లేకపోతే జుట్టు ఊడుతుందని, వెనకటికి కొవ్వు లేకుండా సెలైన్ ద్వారానే తిండి ఇచ్చిన రోగుల్లో చూశారు. మన ఇళ్ళలో అంత లోటు రాదు లెండి. హాస్టల్ పిల్లకు నేనైతే ముందు హిమోగ్లోబిన్ చూపిస్తాను, ఆ తర్వాతే నీళ్ళను తిడతాను.

— మేడమ్, ఆఖరి ప్రశ్న. వచ్చే మాఘమాసంలో మా పాప పెళ్ళి. పార్లర్‌లో స్మూతెనింగ్ చేయించి, కొనలకు బ్లీచింగ్ పెట్టి రంగు వేయిస్తానంటోంది. చేయించొచ్చా?

శుభం! చేయించాలనుకుంటే రెండూ ఒకే జుట్టు మీద వద్దు. స్మూతెనింగ్ మందులో ఏముందో పార్లర్‌వాళ్ళను అడిగి సీసా మీద చదవమనండి. ఫార్మాల్డిహైడ్ వదిలేవి మంచివి కావు. గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్నవాటితో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. ఇక బ్లీచింగ్ పెట్టిన కొనల మీద ఇందాక చెప్పిన పొర ఉండదు, పెళ్ళయ్యాక వాటిని కత్తిరించడానికి ఒప్పుకుంటేనే పెట్టించమనండి. ముందుగా లోపలి పాయ ఒకటి తీసి దాని మీద చేయించి, నాలుగు తలస్నానాలు చూడమనండి.

అయినా ముహూర్తానికి పూలజడ వేస్తారా లేదా? వేస్తే ఈ ఖర్చంతా పూల కిందికే పోతుంది.

(నవ్వులు, చప్పట్లు)